పొరుగు రాష్ట్రంలో కారు కొనుగోలు: యాజమాన్య బదిలీ, రిజిస్ట్రేషన్, చెల్లింపులలో పాటించవలసిన క్రమం

(ప్రత్యేక వ్యాసం)

పాత కారు కొనదలచిన ఆంధ్రప్రదేశ్ వాసులు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల వైపు చూడటం కొత్త విషయమేమీ కాదు. ఆ నగరాలలో వాహనాలు విరివిగా లభిస్తాయి, ధరలోనూ కొంత వెసులుబాటు ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన నాటి నుండి విజయవాడ వాసికి హైదరాబాదు సైతం పొరుగు రాష్ట్రమే. అక్కడి నుండి కారును కొన్ని గంటలలో ఇంటికి తెచ్చుకోవచ్చు. దానిని చట్టరీత్యా తన పేరిట మార్చుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. పైకం మొదటి రోజే చేతులు మారి, కాగితాలు నెలల తరబడి వెనుకబడినప్పుడే వివాదాలు తలెత్తుతున్నాయి. ఈ లావాదేవీలో చట్టం విధించిన క్రమం ఏమిటి, ఏ దశలో ఎంత సొమ్ము చెల్లించడం క్షేమకరం అన్నది పాత్రికేయ మిత్రులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కారు ఎవరి ఇంటి ముందు ఉన్నదో వారే యజమాని అన్న భావన సమాజంలో బలంగా ఉన్నది. చట్టం అలా చూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2 (30) ప్రకారం ఎవరి పేరిట వాహనం రిజిస్టరై ఉన్నదో వారే యజమాని. వాయిదా పద్ధతి, తాకట్టు వంటి ఒప్పందాలున్న చోట మాత్రం వాహనం ఎవరి స్వాధీనంలో ఉన్నదో వారు యజమానిగా పరిగణింపబడతారు. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ అంశాన్ని మరింత స్పష్టం చేసింది. ఆ కేసులో ఒక కారు 2007లో విక్రయమై, అనంతరం పలువురి చేతులు మారింది. 2009లో అది ప్రమాదానికి కారణమయ్యే నాటికి కూడా రిజిస్ట్రేషన్ పుస్తకంలో మొదటి విక్రేత పేరే ఉన్నది. కారు అమ్మివేసితినన్న అతని వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. బాధితులు ఒకరి తరువాత ఒకరిగా కొనుగోలుదారుల వెంట తిరగవలసిన పని లేదనీ, పరిహారం బాధ్యత రికార్డులోని యజమానిదేననీ తేల్చి చెప్పింది. కనుక పేరు మార్పిడి కొన్నవారి అవసరం మాత్రమే కాదు. అమ్మినవారికి అది అంతకన్నా పెద్ద అవసరం.

పన్నెండు నెలల గడువుపై అపోహ

ఇతర రాష్ట్రపు నంబరుతో ఏడాది పాటు నిరభ్యంతరంగా తిరగవచ్చునని మధ్యవర్తులు కొనుగోలుదారులకు భరోసా ఇవ్వడం పరిపాటి. ఈ మాటలో సగమే నిజం. సెక్షన్ 46 ప్రకారం ఒక రాష్ట్రంలో జరిగిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. సెక్షన్ 47 ప్రకారం వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచినప్పుడు కొత్త రిజిస్ట్రేషన్ సంఖ్యకు దరఖాస్తు చేయాలి. ఉద్యోగ రీత్యా తన కారుతో సహా బదిలీపై వచ్చిన యజమానికి ఈ వెసులుబాటు సరిగ్గా వర్తిస్తుంది. యాజమాన్యమే మారినప్పుడు అదనంగా సెక్షన్ 50 రంగంలోకి వస్తుంది. దాని ప్రకారం కొన్న వ్యక్తి 30 రోజులలోగా తాను నివసించే ప్రాంతపు రిజిస్ట్రేషన్ అధికారికి బదిలీ విషయం తెలియజేయాలి. వాహనం వేరొక రాష్ట్రంలో రిజిస్టరై ఉన్న పక్షంలో విక్రేత 45 రోజులలోగా నిరభ్యంతర పత్రాన్ని, అది లభించనిచో అందుకు దరఖాస్తు చేసిన రసీదును ఆ అధికారికి పంపాలి. ఏడాది గడువును నమ్ముకుని కూర్చున్న కొనుగోలుదారు నెల తిరిగేసరికే నిబంధనను అతిక్రమించినవాడవుతున్నాడన్న మాట.

నిరభ్యంతర పత్రం, వ్యవహారంలో ఎన్‌వోసీ, ఈ ప్రక్రియకు ఇరుసు వంటిది. రిజిస్టరైన యజమాని స్వయంగా ఫారం 28లో తన రాష్ట్రపు రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు చేయాలి. సెక్షన్ 48 ప్రకారం ఈ పత్రం జారీకి ముందు అధికారి రెండు విషయాలు నిర్ధారించుకోవలసి ఉంటుంది. ఆ వాహనం చోరీకి గురైనట్లు కేసు లేదన్న పోలీసుల లిఖితపూర్వక నివేదిక మొదటిది. రోడ్డు పన్నుతో సహా ప్రభుత్వానికి రావలసిన బకాయిలేవీ లేవన్నది రెండవది. దరఖాస్తు అందిన 30 రోజులలోగా అధికారి తన నిర్ణయాన్ని తెలుపనిచో పత్రం మంజూరైనట్లే భావించాలని కూడా అదే సెక్షన్ చెబుతున్నది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. దరఖాస్తు రసీదును భద్రపరచుకోవాలని చెప్పడం అందుకే.

ఎన్‌వోసీ చేతికి వచ్చిన పిమ్మట ఇక్కడి రవాణాశాఖ కార్యాలయంలో కొత్త సంఖ్య కేటాయింపునకు ఫారం 27, బదిలీకి ఫారం 29, 30 దాఖలు చేయాలి. ఫారం 29 విక్రేత ఇచ్చే సమాచారం. ఫారం 30లో ఉభయుల సంతకాలు ఉంటాయి. వీటికి అసలు ఆర్‌సీ, బీమా, కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం, చిరునామా, గుర్తింపు ఆధారాలు జతపరచాలి. వాహనాన్ని తనిఖీకి హాజరుపరచవలసి ఉంటుంది. ఛాసిస్ పై చెక్కిన సంఖ్య ముద్రను కాగితంపై పెన్సిలుతో తీసి రికార్డుతో సరిపోల్చడం ఇప్పటికీ కొనసాగుతున్న పద్ధతి. ప్రమాదంలో పూర్తిగా ధ్వంసమైన కారు ఆర్‌సీని చవకగా సంపాదించి, దొంగిలించిన కారుకు ఆ సంఖ్యలు అతికించే ముఠాలు దేశంలో పలుమార్లు పట్టుబడినందున ఈ తనిఖీని లాంఛనంగా భావించరాదు.

సొమ్ము చెల్లింపు

చెల్లింపు విషయంలో చట్టం చెప్పేది కొద్ది, వివేకం చెప్పేది ఎక్కువ. చట్టం చెప్పే ముఖ్యాంశం, 2017 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఆదాయపు పన్ను నిబంధన. ఒక లావాదేవీకి సంబంధించి రెండు లక్షల రూపాయలు లేదా అంతకు మించిన మొత్తాన్ని నగదుగా స్వీకరించరాదు. అతిక్రమిస్తే స్వీకరించినంత మొత్తం జరిమానాగా విధించవచ్చు. జరిమానా పుచ్చుకున్నవారిపైనే అయినా, నగదుగా ఇచ్చిన పైకానికి వివాదం వచ్చిన నాడు సాక్ష్యం కరవయ్యేది కొన్నవారికే. సొమ్ము ఆర్‌సీలో పేరున్న వ్యక్తి బ్యాంకు ఖాతాకే చేరాలి. బావమరిది ఖాతాకో, ఏజెంటు ఖాతాకో పంపమని కోరిన చోట ఆగి ఆలోచించడం మేలు.

మొత్తం ధరను కాగితాల పురోగతిని అనుసరించి విడతలుగా చెల్లించుకోవడం ఉత్తమ పద్ధతి. వాహనాన్ని, అసలు ఆర్‌సీని కళ్ళారా చూసి, యజమాని గుర్తింపును సరిపోల్చిన పిదప స్వల్ప మొత్తాన్ని బయానాగా ఇచ్చి ఒప్పంద పత్రం రాసుకోవాలి. ఎన్‌వోసీ ఎన్ని రోజులలో తెచ్చి ఇవ్వాలి, రానిచో బయానా తిరిగి ఇవ్వాలా, అప్పటివరకు వచ్చే చలానాలు ఎవరివి అన్నవి అందులో ఉండాలి. ఎన్‌వోసీ, సంతకాలు చేసిన ఫారాలు, రెండు తాళపుచెవులు, వాహనం ఒకేసారి చేతికి వచ్చిన రోజున అధిక భాగం చెల్లించాలి. కొత్త ఆర్‌సీ వచ్చేవరకు కొద్ది మొత్తాన్ని నిలుపుకునేందుకు విక్రేత అంగీకరిస్తే మరీ మంచిది. కారు అప్పగించిన తేదీతో పాటు వేళను కూడా రసీదులో రాయించాలి. ఆ సాయంత్రమే కెమెరాకు చిక్కిన అతివేగం చలానా ఎవరిదన్న తగవు దీనితో తీరుతుంది. స్టాంపు కాగితంపై రాసుకున్న ఒప్పందం ఉభయుల నడుమ సాక్ష్యమే గాని, అది యాజమాన్య బదిలీ కాదని కూడా గుర్తించాలి.

వాహనంపై అప్పు ఉన్న సందర్భంలో మరింత జాగ్రత్త అవసరం. ఆర్‌సీలో బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ పేరు నమోదై ఉంటే, ఆ సంస్థ సమ్మతి లేనిదే ఎన్‌వోసీ గాని బదిలీ గాని సాధ్యపడదు. అప్పు తీర్చివేసినామని విక్రేత చెప్పినా, ఫారం 35 ద్వారా ఆ నమోదును రద్దు చేయించనంతవరకు రికార్డులో అది అలాగే నిలిచి ఉంటుంది. మిగిలి ఉన్న బాకీ ఎంతో సంస్థ నుండి లిఖితపూర్వకంగా తెప్పించి, ధరలో ఆ మేరకు సొమ్మును నేరుగా రుణ ఖాతాకే జమ చేయడం సురక్షితం.

కొనుగోలుకు ముందే చేయదగిన పరిశీలనలు ఇప్పుడు ఇంటి నుండే సాధ్యం. కేంద్ర ప్రభుత్వపు పరివాహన్ పోర్టల్, ఎంపరివాహన్ యాప్‌లలో రిజిస్ట్రేషన్ చెల్లుబాటు, బీమా గడువు, తాకట్టు వివరాలు చూడవచ్చు. ఈ-చలాన్ పోర్టల్‌లో జరిమానాలు తెలుస్తాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహించే వాహన సమన్వయ్ సేవ ద్వారా చోరీ వాహనమా కాదా అన్నది సరిచూసుకోవచ్చు. వరద ముంపునకు గురైన కార్లను ఇవి పట్టి ఇవ్వవు. 2015 డిసెంబరు చెన్నై వరదలు, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు వరద వేలాది వాహనాలను నీట ముంచాయి. అటువంటి వాహనం శుభ్రపడి దూర ప్రాంతంలో అమ్మకానికి రావడం అసాధ్యమేమీ కాదు. పాత బీమా క్లెయిముల వివరం అడగడం, నమ్మకమైన మెకానిక్‌తో సీట్ల అడుగు భాగం, వైరింగు చూపించడం తప్ప వేరు మార్గం లేదు.

సైనికోద్యోగినని, అత్యవసరంగా బదిలీ అయినందున కారును తక్కువ ధరకు ఇస్తున్నానని ప్రకటన ఇచ్చి, రవాణా ఖర్చుల పేరిట ముందస్తు సొమ్ము రాబట్టే ఆన్‌లైన్ మోసంపై పోలీసులు పలుమార్లు హెచ్చరించి ఉన్నారు. కారును చూడకముందే సొమ్ము పంపినవారు సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి వెంటనే ఫోను చేయాలి. తొలి గంటలలో ఫిర్యాదు అందితేనే ఆ సొమ్మును నిలుపుదల చేయగల అవకాశం ఎక్కువ.

జీవితకాల పన్ను

రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతున్నప్పుడు పన్ను మళ్ళీ ఎందుకన్నది తరచుగా వినవచ్చే ప్రశ్న. వాహనాలపై పన్ను రాజ్యాంగపు రాష్ట్ర జాబితాలోని 57వ అంశం. ఒక రాష్ట్రానికి చెల్లించిన జీవితకాల పన్ను మరొక రాష్ట్రపు ఖజానాకు చేరదు. మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం, 1963 కింద, ఇతర రాష్ట్రం నుండి వచ్చిన కారుకు దాని మొదటి ధరను, వయస్సును బట్టి పన్ను నిర్ణయిస్తారు. ఈ మొత్తాన్ని బేరానికి ముందే తెలుసుకోవాలి. లేనిచో బెంగళూరులో ఆదా అయిందనుకున్న సొమ్ము ఇక్కడి పన్నుకే సరిపోవచ్చు. తొలి కొనుగోలు నాటి ఇన్‌వాయిసు ప్రతిని విక్రేత నుండి అడిగి తీసుకుంటే లెక్క తేలిక. కర్ణాటక వంటి రాష్ట్రాలు తమ వద్ద చెల్లించిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి తగిన భాగాన్ని వాపసు ఇస్తాయి. ఆ వాపసు ఎవరికి చెందాలో ఒప్పందంలోనే రాసుకోవడం మంచిది.

డీలరు ద్వారా కొన్నప్పుడు పరిస్థితి కొంత మెరుగు. గతంలో యజమాని సంతకం చేసిన ఖాళీ ఫారాలు డీలరు నుండి డీలరుకు చేతులు మారుతుండేవి. 2022 డిసెంబరులో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి తెచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్లు రిజిస్ట్రేషన్ అధికారి వద్ద అధీకృత ధ్రువపత్రం పొందాలి. యజమాని కారును డీలరుకు అప్పగించిన సమాచారం పోర్టల్ ద్వారా నమోదు కాగానే డీలరే యజమానిగా పరిగణింపబడతాడు. కొనేవారు ఆ ధ్రువపత్రాన్ని చూపమని అడగడానికి సంకోచించనవసరం లేదు.

బీమాలో మూడవ పక్షపు రక్షణ యాజమాన్యంతో పాటే కొన్నవారికి సంక్రమిస్తుంది. సొంత కారుకు జరిగే నష్టం విషయం వేరు. బదిలీ జరిగిన 14 రోజులలోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసి పాలసీని తన పేరిట మార్చుకోవాలి. విక్రేత సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ అతని వెంటే పోతుంది గనుక ఆ తేడా ప్రీమియం కొన్నవారు చెల్లించాలి. ఫాస్టాగ్‌ను విక్రేత మూసివేయాలి, కొన్నవారు కొత్తది తీసుకోవాలి.

చివరగా వాహనం వయస్సు గురించి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. 2022 ఏప్రిల్ నుండి 15 ఏళ్ళు నిండిన కారు పునరుద్ధరణ రుసుము గణనీయంగా పెరిగింది. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలపై 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆంక్షలను సమర్థించిన పిమ్మట ఢిల్లీ కార్లు దక్షిణాదిన ఆకర్షణీయమైన ధరకు వస్తున్నాయి. 2025లో న్యాయస్థానం ఇదే విషయమై మధ్యంతర ఉత్తర్వులు కూడా ఇచ్చింది. అటువంటి కారుకు బయానా ఇచ్చేముందు, ఆ వయస్సు వాహనానికి అక్కడ ఎన్‌వోసీ ఇస్తున్నారా, ఇక్కడి కార్యాలయం స్వీకరిస్తుందా అన్న రెండు ప్రశ్నలకు జిల్లా రవాణాశాఖ కార్యాలయంలో సమాధానం తెలుసుకోవాలి.