పట్టే చేతిదే ఎంపిక

ఇంటికి మొదటి చేతి తుపాకీ కొనే అమెరికా దంపతుల్లో చాలామందిది ఒకే వరస. ఒకరికి తుపాకులు ముందే అలవాటు, రెండోవారికి పూర్తిగా కొత్త. ప్యూ రిసెర్చ్ సెంటర్ 2023లో జరిపిన సర్వే ప్రకారం ఆ దేశంలో వయోజనుల్లో దాదాపు 32 శాతం మందికి సొంత తుపాకీ ఉంది. మగవారిలో ఇది 40 శాతం, ఆడవారిలో 25 శాతం. తుపాకీ ఉన్నవారిలో 72 శాతం మంది ఆత్మరక్షణే ముఖ్య కారణమని చెప్పారు. అలవాటున్నవారు దుకాణానికి వెళ్లి తమ చేతికి బాగా అనిపించినదాన్ని కొనుక్కొచ్చి జీవిత భాగస్వామి చేతిలో పెట్టడం అక్కడ తరచూ జరిగే పొరపాటు. ఒకరి కళ్లజోడు ఇంకొకరికి సరిపోనట్టే ఒకరి తుపాకీ ఇంకొకరికి సరిపోదు. సాయం చేసేవారి పని ఎంచిపెట్టడం కాదు. ఎంచుకోవడానికి కావాల్సిన సమాచారాన్ని, సమయాన్ని, కాల్చి చూసే అవకాశాన్ని సమకూర్చడం. అసలు వద్దనుకునే స్వేచ్ఛ కూడా అందులో భాగమే.

ముందుగా ఇంటి పరిస్థితి

ఏ మోడల్ అన్న ప్రశ్నకంటే ముందు, తుపాకీ ఆ ఇంట్లోకి రావాలా అన్నది తేల్చుకోవాలి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2021లో మొత్తం 48,830 మంది తుపాకీ తూటాలకు చనిపోతే, వారిలో 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకున్నారు. కాలిఫోర్నియాలో లక్షలాది మంది వివరాలను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనం 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చేతి తుపాకీ లేనివారితో పోలిస్తే, ఉన్నవారు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే రేటు మగవారిలో ఎనిమిది రెట్లు, ఆడవారిలో 35 రెట్లు ఎక్కువని తేలింది. అదే బృందం 2022లో ప్రచురించిన మరో అధ్యయనం తుపాకీ సొంతదారులతో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులను పరిశీలించింది. తుపాకీ లేని ఇళ్లవారితో పోలిస్తే, వారు ఇంట్లోనే భర్త, భార్య లేదా సహచరుడి చేతిలో తూటాకు బలయ్యే ప్రమాదం ఏడు రెట్లు ఎక్కువగా కనిపించింది. అలా చనిపోయినవారిలో అత్యధికులు ఆడవారే.

అందుకే కొన్ని ఇళ్లలో ఈ ఆలోచనను మొదట్లోనే ఆపేయడం మంచిది. ఎవరైనా మానసికంగా కుంగిపోయి ఉన్నా, మద్యం వ్యసనం ఉన్నా, దంపతుల మధ్య చేయిచేసుకోవడమో బెదిరింపులో ఉన్నా తుపాకీ రక్షణ ఇవ్వదు, ఉన్న ప్రమాదాన్ని పెంచుతుంది. ‘నీ భద్రత కోసమే’ అంటూ ఇష్టంలేని భాగస్వామి చేత బలవంతంగా తుపాకీ పట్టించడం కూడా తప్పే. గట్టి తలుపులు, గడియలు, వీధి దీపాలు, అలారం, కెమెరాలు, అత్యవసర వేళ 911కు ఫోన్ చేయడం వంటివాటితో తీరే భయాలు కూడా ఉంటాయి. వాటిని చూసుకున్నాక కూడా అవసరమనిపిస్తేనే ముందుకు వెళ్లాలి.

చట్టం ఎవరిని ఒప్పుకుంటుంది?

ఇంట్లో ఆత్మరక్షణకు చేతి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెలర్ కేసులో తేల్చింది. అయితే ఆ హక్కుకు హద్దులున్నాయి. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. కొనుగోలుదారు వివరాల ఫారం 4473 నింపాలి, నేర చరిత్ర తనిఖీలో నెగ్గాలి. గృహహింస కేసులో శిక్ష పడినవారికి, అది చిన్న నేరమే అయినా, 1996 నుంచి తుపాకీ నిషిద్ధం. గృహహింస కారణంగా కోర్టు ఎవరికి వ్యతిరేకంగా రక్షణ ఉత్తర్వు ఇచ్చిందో వారి మీద ఉన్న నిషేధాన్ని 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన నియమం మరొకటి ఉంది. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు. భర్తకు గ్రీన్‌కార్డు ఉండి భార్య ఇంకా హెచ్4 మీదే ఉంటే, ఆమెకు తుపాకీ కానుకగా ఇవ్వడం ఇద్దరినీ చిక్కుల్లో పడేస్తుంది. చేతిలో పట్టుకోకపోయినా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగల స్థితిలో ఉండటం కూడా నేరం కిందికి రావచ్చు. అందుకే లాకర్ కోడ్ ఎవరికి తెలుసన్నది సైతం చిన్న విషయం కాదు. ఈ తప్పు ఇమిగ్రేషన్ హోదాకే ఎసరు పెట్టవచ్చు కాబట్టి, ఇలాంటి ఇళ్లవారు ముందుగా లాయరును సంప్రదించడం అవసరం.

రాష్ట్రాల చట్టాలు ఒకదానితో ఒకటి పొసగవు. న్యూజెర్సీలో కొనే ప్రతి చేతి తుపాకీకీ విడిగా పర్మిట్ కావాలి. కాలిఫోర్నియాలో భద్రతా పరీక్ష పాసవ్వాలి, కొన్నాక పది రోజులు ఆగాలి. టెక్సాస్‌లో కొనుగోలుకు రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు. ఒక రాష్ట్రంలో చెల్లింది మరో రాష్ట్రంలో నేరం కావచ్చు కాబట్టి, ఇల్లు మారినప్పుడూ కారులో సరిహద్దు దాటేటప్పుడూ నియమాలను మళ్లీ చూసుకోవాలి.

చిన్న చేతికి చిన్న తుపాకీయా?

చిన్నది, తేలికైనది అయితే ఆడవారికి సులువన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. కంపెనీలు కూడా దాన్ని పెంచాయి. స్మిత్ అండ్ వెసన్ 1989లో ‘లేడీస్మిత్’ పేరుతో మహిళల కోసం ప్రత్యేక శ్రేణి తెచ్చింది. మన దేశంలో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 2014లో ‘నిర్భీక్’ రివాల్వర్‌ను మహిళల కోసమే అంటూ విడుదల చేసింది.

కాల్చేటప్పుడు జరిగేది ఆ నమ్మకానికి విరుద్ధం. తూటా ముందుకు దూసుకెళ్లినప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది. తుపాకీ బరువు ఆ తన్నును కొంత తనలో ఇముడ్చుకుంటుంది. అదే తూటాను సగం బరువున్న తుపాకీలో పేలిస్తే దెబ్బ చేతికి మరింత గట్టిగా తగులుతుంది. రూగర్ ఎల్‌సీపీ పిస్టల్ 300 గ్రాముల లోపే, స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ సుమారు 420 గ్రాములు. రెండూ జేబులో ఇమిడేవే, రెండూ కొత్తవారి చేతికి నొప్పి పుట్టించేవే. తూటాలు లేకుండా దాదాపు 600 గ్రాములుండే గ్లాక్ 19లాంటి మధ్యస్థ పిస్టల్ కాల్చడానికి వాటికన్నా చాలా సులువు. నొప్పి పుట్టించే తుపాకీతో ఎవరూ సాధన చేయరు. నాలుగు తూటాలకే చేయి మంట పుడితే, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునే, మణికట్టు బిగించే అలవాటు పడుతుంది. ఆ అలవాటును మాన్పడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

పట్టు, వేలు, స్లైడ్

దుకాణంలో ఖాళీ తుపాకీతోనే సగం సంగతి తెలిసిపోతుంది. ముందుగా అందులో తూటా లేదని అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ కళ్లారా చూసుకోవాలి. తూటాలు నింపే మ్యాగజైన్‌ను తీసేసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. గొట్టం వెనక తూటా పేలే గదిలో, అంటే ఛాంబర్‌లో, ఇంకో తూటా ఉండిపోవచ్చు. పిస్టల్ పైన కదిలే భాగమైన స్లైడ్‌ను వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి చూసి, చీకటిగా ఉంటే వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

తర్వాత పట్టు చూడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న ఒంపు పిడి పైభాగానికి ఆనాలి. గొట్టం ముంజేతికి సూటిగా, ఒకే గీతలో ఉండాలి. అలా పట్టుకుని, సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి, చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి చేరుతోందా అని చూడాలి. వేలు అందడానికి పిడిని పక్కకు తిప్పాల్సి వస్తే ఆ తుపాకీ ఆ చేతికి పెద్దది. వేలు ట్రిగ్గర్‌ను దాటి మడత పడుతుంటే చిన్నది. పిడి వెనకభాగాన్ని మార్చుకునే వీలున్న మోడళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి.

స్లైడ్ లాగలేకపోవడం చాలామందిని బెదరగొడుతుంది. కారణం ఎక్కువగా బలం చాలకపోవడం కాదు, పద్ధతి తెలియకపోవడం. తుపాకీని ఛాతీకి దగ్గరగా, గొట్టం సురక్షిత దిక్కుకే ఉండేలా పట్టుకోవాలి. ఎడమ అరచేతితో స్లైడ్‌ను పైనుంచి గట్టిగా పట్టి, కుడిచేత్తో పిడిని ముందుకు తోయాలి. వేళ్ల బలంతో జరగని పని భుజాల బలంతో జరుగుతుంది. కీళ్లవాతం వంటి ఇబ్బందులున్నవారికి తేలికైన స్లైడ్ ఉన్న పిస్టళ్లున్నాయి. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ ఆ ఉద్దేశంతోనే 2018లో .380 క్యాలిబర్‌లో (తూటా కొలత), 2020లో 9 ఎంఎంలో వచ్చింది.

రివాల్వరా, పిస్టలా?

రివాల్వర్‌లో లాగాల్సిన స్లైడ్ లేదు. సిలిండర్ తెరిస్తే తూటాలున్నాయో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. కానీ చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. చూపుడువేలితో అయిదారు కిలోల లాగుడు పట్టి, గురి చెదరకుండా చివరిదాకా లాగడం కొత్తవారికి కష్టమే. తూటాలు అయిదో ఆరో పడతాయి.

పిస్టల్ ట్రిగ్గర్ తేలిక, తన్ను కూడా తక్కువగా తెలుస్తుంది. గ్లాక్ 19 మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. కొన్ని రాష్ట్రాలు మాత్రం పదికే పరిమితం చేశాయి. పిస్టల్‌తో నేర్చుకోవాల్సింది ఎక్కువ. మణికట్టు వదులుగా పెడితే తూటా ఇరుక్కోవచ్చు, దాన్ని తొలగించడం తెలియాలి. సాధనకు సమయం పెట్టగలిగేవారికి పిస్టల్ నప్పుతుంది. వేలిలో తగినంత బలముండి, తక్కువ మీటలున్న సాదా యంత్రం కోరుకునేవారికి మధ్యస్థ బరువున్న రివాల్వర్ నప్పుతుంది.

తూటా విషయంలో, 9 ఎంఎం చాలామందికి సరిపోయే మధ్యేమార్గం. దొరకడం సులువు, ధర అందుబాటు, తన్ను భరించదగ్గది. ఎఫ్‌బీఐ సైతం .40 క్యాలిబర్ వదిలి మళ్లీ 9 ఎంఎంకే మారింది. నేర్చుకోవడం మొదలుపెట్టడానికి మాత్రం .22 క్యాలిబర్‌ను మించింది లేదు. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు ఉండదు, తూటాలు చవక. గురి, శ్వాస, ట్రిగ్గర్ మీద అదుపు దానితో కుదిరాక పెద్ద తూటాకు వెళ్లవచ్చు.

కొనే ముందు కాల్చి చూడాలి

అమెరికాలో చాలా షూటింగ్ రేంజిల్లో తుపాకులు అద్దెకిస్తారు. మూడు నాలుగు మోడళ్లను ఒక్కొక్కటిగా కాల్చి చూస్తే, దుకాణంలో గంటసేపు విన్న వర్ణన కన్నా ఎక్కువ తెలుస్తుంది. గురి కుదిరిందా అన్నదొక్కటే కాకుండా, యాభై తూటాల తర్వాత కూడా చేయి హాయిగా ఉందా, మ్యాగజైన్ నింపడం వచ్చిందా, మీటలు వేలికి అందాయా అని చూడాలి. ఏ కంటి చూపు బలమైనదో కూడా ముందే తెలుసుకోవాలి. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైనదైతే గురిపెట్టే తీరు మారుతుంది.

తుపాకీ పేలుడు 150 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి మూసి ఉన్న రేంజిలో చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు రెండూ పెట్టుకోవాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. తూటాల సీసం గాలిలోనూ చేతుల మీదా బట్టల మీదా చేరుతుంది. రేంజి నుంచి వచ్చాక చేతులు, ముఖం సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోవాలి. గర్భిణులు సీసం, చప్పుడు రెండింటి వల్లా ఈ సాధనను వాయిదా వేసుకోవడం మేలు.

మొదటి పాఠాలు జీవిత భాగస్వామి కాకుండా శిక్షకులు చెబితేనే మంచిది. ఇంట్లో మాటకు మాట పెరిగినట్టు రేంజిలో పెరగకూడదు. మహిళలే నేర్పి, మహిళలే నేర్చుకునే బృందాలూ ఉన్నాయి. టెక్సాస్‌లో 2011లో మొదలైన ‘ఎ గర్ల్ అండ్ ఎ గన్’ వాటిలో ఒకటి. ఎవరు నేర్పినా పునాది అమెరికా తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ క్రోడీకరించిన నాలుగు నియమాలే: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి, నాశనం చేయదలచనిదాని వైపు గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు, లక్ష్యమేమిటో దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.

కొనుగోలు ఎవరి పేరున?

ఎవరి తుపాకీయో వారే దుకాణానికి వెళ్లి, ఫారం నింపి కొనడం అన్నిటికన్నా చిక్కులేని దారి. సొంత డబ్బుతో కొని కానుకగా ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, పుచ్చుకునేవారికి నిషేధం లేకపోతేనే. ఒకరు డబ్బిచ్చి మరొకరి పేరున కొనిపిస్తే మాత్రం అది నేరం. ఇద్దరికీ అర్హత ఉన్నా సరే, ఫారంలో అసలు కొనుగోలుదారు తానేనని అబద్ధం చెప్పడం నేరమేనని 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులోని వ్యక్తి తన బంధువు డబ్బుతో అతని కోసం గ్లాక్ 19 కొన్నాడు. 2022లో వచ్చిన చట్టం, తుపాకీ నిషిద్ధమైనవారి కోసం తెలిసీ కొనేవారికి 15 ఏళ్ల దాకా జైలు శిక్ష విధించే వీలు కల్పించింది.

తాళం లేకుండా ఇంటికి తేవద్దు

తుపాకీతోపాటే దాన్ని దాచే పెట్టె కూడా కొనాలి. డీలర్ చేతి తుపాకీ అమ్మేటప్పుడు తాళమో, భద్రపరిచే సాధనమో తప్పక ఇవ్వాలని 2005 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆ కేబుల్ తాళం ఆరంభానికి పనికొస్తుంది. రోజువారీ భద్రతకు గోడకో మంచానికో బిగించే, కోడ్‌తో తెరుచుకునే ఉక్కు పెట్టె కావాలి. దిండు కింద, బీరువా పైఅర, హ్యాండ్‌బ్యాగు తుపాకీని దాచే చోట్లు కావు. పిల్లలకు తెలియదనుకునే చోట్లు వాళ్లకు తెలిసే ఉంటాయి. వాడనప్పుడు తూటాలను విడిగా తాళం వేసి ఉంచడం మరింత క్షేమం.

ఒకసారి కొన్నాక నిర్ణయం ముగిసిపోదు. ఇంట్లో పసిబిడ్డ పుట్టినా, ఎదిగే పిల్లల్లో దిగులు కనిపించినా, ఉద్యోగం పోయి ఇంట్లో ఒకరు కుంగిపోయినా, దంపతుల మధ్య మనస్పర్థలు ముదిరినా తుపాకీ ఆ ఇంట్లో ఉండాలా అని మళ్లీ ఆలోచించాలి. కష్టకాలంలో దాన్ని తాత్కాలికంగా బయట భద్రపరిచే ఏర్పాటు కొందరు డీలర్లు, కొన్నిచోట్ల పోలీసు శాఖలు చేస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవారికి 988 నంబరులో రాత్రీపగలూ సాయం దొరుకుతుంది. తుపాకీ వద్దన్న మాట దంపతుల్లో ఏ ఒక్కరి నోట వచ్చినా, దాన్ని ఇంటినుంచి తీసేయడానికి ఆ ఒక్క మాటా చాలాలి.