మూస, అచ్చు, మైనం

కథ కొత్తగా లేకపోతే ‘మూస కథ’ అంటాం. బిడ్డలో తండ్రి పోలిక కనిపిస్తే ‘అచ్చు గుద్దినట్లున్నాడు’ అంటాం. పావగడ తాలూకా తిరుమణి వంటి సరిహద్దు ఊళ్లలో తెలుగు ఇంటిభాషగా పెరిగిన విద్యార్థికీ ఈ మాటలు పరిచయమే. అయితే, పోతపనిలో అన్ని మూసలూ మళ్లీ మళ్లీ పనికిరావు.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాంలో ఓజ కళాకారులు చేసే ఇత్తడి బొమ్మలే ఇందుకు ఉదాహరణ. ‘ఆదిలాబాద్ డోక్రా’గా వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముందు మట్టితో లోపలి రూపం చేస్తారు. దానిపై మైనాన్ని సన్నని దారాలుగా తీసి పక్కపక్కనే చుడతారు. నగ, కన్ను, గజ్జె అన్నీ ఆ దారాలే. పైన మళ్లీ మట్టి పూసి ఆరబెడతారు. కాల్చితే మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన చోటును ఇత్తడి నింపుతుంది. బొమ్మ బయటికి రావాలంటే మట్టి పగలగొట్టాల్సిందే. రెండో బొమ్మకు మొదటి దారం నుంచి మళ్లీ చుట్టుకోవాలి. బేరమాడేవారు ఈ చాకిరీని లెక్కలోకి తీసుకోరు.

సంస్కృత శిల్పగ్రంథాలు ఈ పద్ధతిని ‘మధూచ్ఛిష్ట విధానం’ అన్నాయి. మధువు ఉచ్ఛిష్టం, అంటే తేనె తీయగా మిగిలినది, మైనం. ఎంత చక్కని మాట! కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన ‘మానసోల్లాసం’లో దీని వివరణ ఉంది. మైనాన్ని తూచి లోహం నిర్ణయించడం ఇందులోని కిటుకు. ఇత్తడి మైనం కంటే సుమారు 9 రెట్లు బరువు. 100 గ్రాముల మైనానికి 900 గ్రాముల ఇత్తడి, పోత దారికి మరికొంత.

ఒకే బొమ్మ పది కావాలంటే? అసలు బొమ్మకు ప్లాస్టరుతో రెండు ముక్కల అచ్చు తీస్తారు. దాన్ని నీటిలో నానబెడితే మైనం అంటుకోదు. కరిగిన మైనం పోసి, గోడలకు పొర కట్టగానే మిగిలింది వంచేస్తారు. వంపులు ఎక్కువైతే రబ్బరు అచ్చు మేలు. ఇక్కడ మళ్లీ పనికొచ్చేది ఈ అచ్చు మాత్రమే. మైనం బొమ్మపై వేసిన మట్టి మూస ప్రతిసారీ పగలాల్సిందే. మైనంతోనే అచ్చు చేయవచ్చు గాని, 62–64 డిగ్రీలకే కరిగే తేనెమైనం లోహానికి ఆగదు. ప్లాస్టరు పోతకు సరిపోతుంది. అదీ మందంగా పోస్తే, గట్టిపడే వేడికే అచ్చు మెత్తబడుతుంది.

గంటలకు, చిన్న దీపాలకు రబ్బరు అచ్చు వాడితే శ్రమ తగ్గుతుంది. నాకు అందులో తప్పు కనిపించదు. దేవతామూర్తుల సంగతి వేరు. అచ్చులో మొదటి బొమ్మ దారాల గీతలు దిగుతాయి, కాని పదింటిలోనూ అవే గీతలు.