చేటలో చెరుగరాని సరకు

పెంటపాటి పరిసరములలో ధాన్యము కొనువారు బస్తాను చూచి ధర చెప్పరు. కుట్టు సడలించి పిడికెడు గింజలు అరచేతిలో పోసికొందురు, తాలును ఊదివేయుదురు, ఒక గింజను పంట కొరికి తేమ ఎంతయో గ్రహింతురు. బేరము అటు తరువాతి మాట. ఇంతటి జాగ్రత్త ఎరిగిన కుటుంబములలోని వారే, నేడు నాలుగైదు లక్షల రూపాయల వస్తువును చేతితో తాకకుండ, సెల్‌ఫోను అద్దముపై బొమ్మను మాత్రము చూచి కొన సాహసించుచున్నారు. ఆ వస్తువు పాత కారు. బొమ్మ క్రింద రెండు ధరలుండును. మొదటి ధరపై అడ్డుగీత. రెండవ ధర పెద్ద అక్షరములలో. ఆ రెంటికి నడుమ గల భేదమునకే ‘తగ్గింపు’ అని పేరు.

ఇట్లు కొనువారిలో ఉపాధ్యాయులు తక్కువగా లేరు. తాడేపల్లిగూడెములో కాపురము, కొల్లేటి ప్రాంతపు పల్లెలో పాఠశాల. వానకాలములో మోటారు సైకిలు ప్రయాణము. ఇంట వృద్ధులైన తల్లిదండ్రులు, నెలకొకమారు ఏలూరు ఆసుపత్రికి తీసికొనిపోవలసిన అవసరము. క్రొత్త కారు ధర జీతమునకు అందదు. కాబట్టి పాత కారు కొనుట విలాసము కాదు, లోభమును కాదు. అయితే ఆ తగ్గింపు అను మాట ఒకటి ఉన్నదే, దానిని గూర్చి కొంచెము ఆలోచింపవలసియున్నది.

క్రొత్త వస్తువునకు తగ్గింపు అనిన అర్థము కలదు. ఒకే అచ్చున పోసిన వేయి వస్తువులకు కర్మాగారము ఒక ధర నిర్ణయించును. దుకాణదారుడు అందులో కొంత వదలుకొనును. పాత కారు అట్టిది కాదు. ఒకే సంవత్సరమున, ఒకే రంగుతో, ఒకే కర్మాగారమునుండి వెలువడిన రెండు కార్లు పదియేండ్లు గడచునప్పటికి రెండు వేరు వేరు వస్తువులు. ఒకటి వైద్యుని ఇంట నీడను నిలిచియుండును. రెండవది అద్దెకు తిరిగి అన్నవరము, తిరుపతి, శబరిమల చూచి వచ్చియుండును. అట్టి వస్తువునకు ‘అసలు ధర’ యేది? ఆ అడ్డుగీత క్రింది అంకెను వ్రాసినవాడెవడు? అమ్మువాడే. తాను వ్రాసినదానిని తానే కొట్టివేసి, కొనువానికి మేలు చేసితినని చెప్పుచున్నాడు. ఒక్కొక్కచోట ఆ పై అంకె అదే రకపు క్రొత్త కారు ధరగా నుండును. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు దిగినది. క్రొత్తవాని ధరలు తగ్గినవి. ఆ తేదీకి పూర్వపు ధరతో పోల్చి చూపిన తగ్గింపులో కొంత భాగము ప్రభుత్వము ఇచ్చినదే గాని విక్రేత ఇచ్చినది కాదు.

ఈ సందర్భమున ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. మన దేశమున ఒకప్పుడు పాత కారు క్రొత్త కారు కంటె ఎక్కువ ధర పలికిన దినములు కలవు. లైసెన్సుల కాలమున ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు, బొంబాయి ఫియటు, మదరాసు స్టాండర్డు హెరాల్డు తప్ప మధ్యతరగతివానికి వేరు గతి లేదు. పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి వేచియుండవలెను. వేచియుండలేనివాడు, వరుస వచ్చి కారు పొందిన అదృష్టవంతునికి పైకము పైన పైకమిచ్చి కొనెడివాడు. 1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 కారు తొలి తాళము చేతులు మారిన పిదప గాని ఈ వింత మెల్లగా తొలగలేదు. పాత కార్ల వ్యాపారమును 2001లో మారుతి సంస్థయే ట్రూ వాల్యూ అను పేర చేపట్టినది. 2015లో స్థాపింపబడిన కార్స్24, స్పిన్నీ అను సంస్థలు ఆ అంగడిని ఇంటర్నెట్టులోనికి తెచ్చినవి. అంతవరకు ఈ వ్యాపారము మెకానిక్కు షెడ్డులలోను, ఫైనాన్సు కంపెనీల ఆవరణలలోను, తెలిసినవారి నోటిమాట మీదను నడచుచుండెను.

పాత కార్ల అంగడిలోని చిక్కును శాస్త్రముగా నిరూపించినవాడు జార్జి ఏకర్లాఫ్ అను అమెరికా ఆర్థికవేత్త. 1970లో అతడు ప్రకటించిన వ్యాసమును అంతకుముందు మూడు పత్రికలు త్రిప్పి పంపినవి; 2001లో అదే వ్యాసము అతనికి నోబెలు బహుమానమును తెచ్చిపెట్టినది. ఆ దేశపు వాడుకలో చెడిన కారును ‘నిమ్మపండు’ అందురు. ఏకర్లాఫ్ వాదము విద్యార్థులకు సైతము సులభముగా బోధపడును. అంగడిలో సగము కార్లు నాలుగు లక్షలు చేయునవి, సగము రెండు లక్షలు చేయునవి అనుకొందము. ఏది యేదో అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కొనువాడు సరాసరి చూచి మూడు లక్షలకు మించి ఇవ్వనొల్లడు. నాలుగు లక్షల కారు గలవాడు ఆ ధరకు అమ్మక ఇంటికి తీసికొనిపోవును. రెండు లక్షల కారు గలవాడు సంతోషముతో నిలుచును. ఇట్లు మంచి సరకు అంగడినుండి తప్పుకొనుటయు, చెడు సరకు మిగులుటయు జరుగును. మోసము చేయవలెనని ఎవరును ప్రత్యేకముగా కుట్ర చేయనక్కరలేదు. ఒకనికి తెలిసి ఒకనికి తెలియకపోవుటయే చాలును.

ఏకర్లాఫ్ 1967–68లో ఒక సంవత్సరము మన దేశమున నివసించెను. ఆ వ్యాసములోనే అతడు భారతదేశపు గృహిణి ప్రస్తావన తెచ్చినాడు. బజారు బియ్యములో అదే రంగు, అదే ఆకారము గల రాళ్లను బుద్ధిపూర్వకముగా కలుపుటయు, ఆమె వాటిని ఓపికతో ఏరివేయవలసివచ్చుటయు అతనికి ఉదాహరణమైనది. వరి పండించు మన సీమవారికి ఇంతకంటె దగ్గర పోలిక దొరకదు. రాళ్లబియ్యమునకు చేట కలదు, చెరుగు నేర్పు కలదు. బొమ్మలోని కారును చెరుగుటకు చేట యేది?

పశువుల సంతలో ఈ చిక్కునకు మన పెద్దలొక ఉపాయము కనిపెట్టిరి. ఎద్దు పండ్లు పట్టి వయస్సు చూచుట, సుడులు చూచుట, నాలుగడుగులు నడిపించి చూచుట అందరు చేయు పనులే. అంతకుమించి నడుమ ఒక దళారి ఉండును. తువాలు చాటున వ్రేళ్లు పట్టి ధర తెల్పు ఆ మనిషిని మనము తరచు ఎగతాళి చేయుదుము గాని, అతని మాటకు ఒక విలువ కలదు. వచ్చే వారము కూడ అతడు అదే సంతకు రావలెను. కుంటి ఎద్దును అంటగట్టినచో మరల మొగము చెల్లదు. ఇంటర్నెట్టు విక్రేత నేడు తనకు కోరుకొనుచున్న స్థానమిదియే. కారును తానే కొని, రెండువందల అంశములు పరీక్షించితినని చెప్పి, కొన్ని మాసముల హామీ వ్రాసియిచ్చి, కొలది దినములలో నచ్చకున్న వాపసు తీసికొందునని అతడు పలుకుచున్నాడు. ఇది మంచి మార్పే. బేరమాడుట చేతగాని పంతులు గారికి స్థిరమైన ధర ఒక ఊరట. కాని అతడు అమ్ముచున్నది తగ్గింపు కాదు, హామీ. హామీ పత్రములో ఇంజను, గేరుపెట్టె ఉన్నవా, క్లచ్చు, బ్యాటరీ, టైర్లు మినహాయింపులో పడినవా, మరమ్మతు చేయించుకొనుటకు కారు హైదరాబాదు పోవలెనా, తాడేపల్లిగూడెములో చాలునా అనునవి అడ్డుగీత కంటె ముఖ్యమైన సంగతులు. వాపసు గడువు కారు చేతికి వచ్చిన దినమునుండి ఆరంభమగును. ఆ గడువు తీరకముందే తనకు తెలిసిన మెకానిక్కుచేత గొయ్యి మీద నిలిపి క్రిందినుండి చూపించుట మేలు.

ఆ విక్రేత నిజముగా వ్యాపారియా, లేక కేవలము ప్రకటనలు వేయు పలకయా అని కూడ తెలిసికొనవలెను. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము పాత కార్ల వ్యాపారి రవాణా అధికారులనుండి అధికార పత్రము పొందియుండవలెను. యజమాని తన బండిని అట్టి వ్యాపారికి అప్పగించి ఆ సంగతి అధికారులకు తెలిపిన పిదప దాని బాధ్యత వ్యాపారిదే యగును. ఆ పత్రము చూపుమని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

పలకపై ప్రకటన వేయువారిలో కారే లేనివారును కలరు. తాను సైన్యోద్యోగినని, దూరప్రాంతమునకు బదిలీ యయినదని, అందుచేత కారును సగము ధరకే వదలుకొనుచున్నానని చెప్పి, గుర్తింపు కార్డు బొమ్మ పంపి, రవాణా ఖర్చుల క్రింద కొంత, పూచీ క్రింద కొంత సొమ్ము రాబట్టి మాయమైనవారిని గూర్చి పత్రికలు ఎన్నియో మారులు వ్రాసినవి. రాజస్థానములోని భరత్‌పూర్ ప్రాంతపు ముఠాలను తెలంగాణ పోలీసులు పట్టుకొనిరి. సైనికునిపై మనకు గల గౌరవమునే వారు పెట్టుబడి చేసికొనిరి. కారును, కాగితములను, మనిషిని ఒకచోట చూడక ఒక్క రూపాయి పంపరాదు. పంపిన పిదప సంశయము కలిగినచో 1930 అను నంబరుకు వెంటనే ఫోను చేసినచో సొమ్ము బ్యాంకులోనే నిలుచుటకు అవకాశము కలదు.

తక్కువ ధరకు మరియొక కారణము నీరు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు వేలకొలది కార్లు మునిగినవి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలను ముంచినది. ఆ బుడమేరే వచ్చి కలియునది మన కొల్లేటిలో. మరమ్మతు ఖర్చు బీమా విలువలో నూటికి 75 పాళ్లు మించినచో బీమా కంపెనీలు ఆ బండిని పూర్తి నష్టముగా లెక్కించును. యజమానికి పైకము ముట్టును. బండి వేలములో పోవును. కొన్నవాడు కడిగి, ఆరబెట్టి, మెరుగుపెట్టి మరియొక ఊరిలో అమ్ముటకు ఆటంకము లేదు. ఇట్టి కారు మొదటి నెలలో బాగుగానే నడచును. తరువాత తీగెల కొనలు చిలుము పట్టును. దీపములు తమంత తామే వెలుగును. ప్రాణము కాపాడవలసిన గాలిసంచి అవసరమునకు విచ్చుకొనకపోవచ్చును. గుర్తించుట అంత కష్టము కాదు. సీటు బెల్టును చివరివరకు లాగినచో కడపటి మూర యందు ఒండ్రు చారిక కనబడును. కాళ్ల క్రింది తివాచీ ఎత్తినచో తుప్పు, సన్నని మట్టి కనబడును. సీట్ల పట్టాలపై, దీపపు అద్దముల లోపల తడి జాడ మిగులును. గట్టి అత్తరు వాసన వచ్చు కారును అనుమానింపవలెను. కొల్లేటి గట్టున బ్రతుకువారికి ఒండ్రు వాసన ఒకరు నేర్పనక్కరలేదు. అయితే ముక్కు కారు దగ్గరకు పోవలెను గదా!

తిరిగిన దూరము చూపు మీటరును వెనుకకు త్రిప్పు విద్య పాతదే. దానికి విరుగుడు సర్వీసు కాగితములు. ప్రతి సర్వీసునాడు మీటరు అంకె అందులో వ్రాయబడును. నలుబదివేల కిలోమీటర్లే తిరిగినదనిన కారునకు క్లచ్చు పెడలు రబ్బరు నున్నగా అరిగియున్నచో ఆ పెడలునే నమ్మవలెను.

ఇక కాగితముల మాట. పై సంగతులలో పొరపడినచో సొమ్ము పోవును. ఇందులో పొరపడినచో ఒకరి ప్రాణమునకు మరియొకరు బదులు చెప్పవలసివచ్చును. 2018 ఫిబ్రవరి 6వ తేదీన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. ఒకడు 2007లో తన కారు అమ్మివేసెను. కొన్నవాడు మరియొకనికి, అతడు వేరొకనికి అమ్మిరి. ఎవరును పుస్తకములో పేరు మార్పించలేదు. 2009లో ఆ కారు వలన ప్రమాదము జరిగి ఒకరు మరణించిరి. కారు తనది కాదని మొదటివాడు మొరపెట్టెను. పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యజమాని, పరిహారము చెల్లింపవలసినవారును వారేయని న్యాయస్థానము నిర్ణయించినది. బాధితుని కుటుంబము చేతులు మారిన కారు వెంట ఊరూర తిరుగరాదను న్యాయము ఇందు కలదు. మోటారు వాహనముల చట్టము 50వ విభాగము ప్రకారము అమ్మినవాడు 14 దినములలో, పరరాష్ట్రమునకు అమ్మినచో 45 దినములలో తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో తెలుపవలెను. బీమాను తన పేరనకు మార్చుమని కొన్నవాడు 14 దినములలో కోరవలెను. పాత కారు నమ్మి క్రొత్తది కొను పంతులు గారు ఈ రెండు వైపుల నుండును గనుక రెండును గుర్తుంచుకొనవలెను.

మన ప్రాంతమువారు హైదరాబాదు విక్రేతలయొద్ద కొను కార్లకు తెలంగాణ నంబరుండును. అక్కడి అధికారులనుండి నిరాక్షేపణ పత్రము, అప్పు తీరినదని ఫైనాన్సు కంపెనీ పత్రము తెచ్చుకొని ఇక్కడ క్రొత్త నంబరు పొందవలెను. బండి వయస్సును బట్టి ఆంధ్రప్రదేశమున జీవితకాలపు పన్ను మరల చెల్లింపవలెను. ఈ ఖర్చును ప్రకటనలో చూపినవారిని అరుదుగా చూచెదము. ధర అడుగునప్పుడే దీనిని కలిపి అడుగవలెను.

వివాదము వచ్చినచో ఒక సౌకర్యము మాత్రము క్రొత్తగా కలిగినది. పూర్వము విక్రేత యున్న ఊరికి పోయి వ్యాజ్యము వేయవలసియుండెను. 2020 జూలైనుండి అమలులోనున్న 2019 వినియోగదారుల చట్టము ప్రకారము కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. 1915 అను నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అందుకు ఆధారములు కావలెను. ప్రకటన రేపు మారిపోవును. కావున కొను దినముననే ఆ బొమ్మలను, రెండు ధరలను, పరీక్షా పత్రమును, హామీ షరతులను ముద్రించి దాచుకొనవలెను. ప్రైవేటు బేరమైనచో పేరు మారిన కార్డు చేతికి వచ్చువరకు కొంత సొమ్ము ఆపియుంచుటకు ముందుగనే ఒప్పించుకొని, ఆ మాటను కూడ అమ్మకపు కాగితములో వ్రాయించుకొనవలెను.