గాల్లో గాలికి కరువు

ఆక్లాండ్‌లో మాకు తెలిసినవాళ్ల ఇల్లు. భోజనాల బల్ల మీద చేతిసంచి అంత ఆక్సిజన్ యంత్రం, శ్వాస తీసినప్పుడల్లా ‘టుస్’ మంటోంది. గొట్టం ముక్కుకు తగిలించుకుని పెద్దాయన కూర్చున్నారు. కోడలు గోడ గడియారం చూస్తూ కాగితం మీద టైము రాసుకుంటోంది. బ్యాటరీ అయిదు గంటలు వస్తుందని పెట్టె మీద ఉంది. మూడు గంటల నలభై నిమిషాలకే కూత పెట్టేసింది.

“ఇంట్లో తెలిసింది కాబట్టి సరిపోయింది మావయ్యగారూ.”

“సముద్రం మీద తెలిస్తే ఏం చేసేవాళ్లమమ్మా?” అని ఆయన నవ్వేశారు.

ఆయన హైదరాబాద్ వెళ్లాలి. ఆక్లాండ్ నుంచి నేరుగా విమానం లేదు. సింగపూర్ దాకా పదిన్నర, పదకొండు గంటలు, అక్కడ దిగి, మళ్లీ నాలుగున్నర గంటల పైచిలుకు.

“సీటు పైన మాస్కులుంటాయిగా!” అనేవాళ్లు మనలో చాలామంది. అవి క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు దిగేవి. చాలా విమానాల్లో రసాయనాల నుంచి ఆక్సిజన్ పుట్టించి ఓ పావుగంట ఇస్తాయి. ఆలోగా పైలట్ విమానాన్ని కిందికి దించేస్తాడు. సిబ్బంది దగ్గరుండే సిలిండర్లూ అత్యవసరానికే.

అసలు ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుంది? విమానం ముప్ఫై ఏడు వేల అడుగుల్లో పోతున్నా లోపలి గాలిని 8,000 అడుగులకు మించని ఎత్తులో ఉన్నట్టుగా ఉంచుతారు. అంటే ఊటీ కంటే కాస్త పైన. అక్కడ పీల్చేది సముద్రమట్టంలో 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం. మామూలుగా మనం పీల్చేది 21 శాతం. ఆరోగ్యవంతుడికి ఆ తేడా తెలియదు. పాడైన ఊపిరితిత్తులకు తెలుస్తుంది. ఎయిర్ న్యూజిలాండ్ నడిపే బోయింగ్ 787లో ఈ ఎత్తు 6,000 అడుగులే. ఊటీ నుంచి కూనూరుకు దిగినట్టు. టికెట్ ధరతో పాటు విమానం రకం కూడా చూడమని అందుకే అంటాను.

విమానంలో ఆక్సిజన్ ఎవరికి అవసరమో తేల్చడానికి ఓ పరీక్ష ఉంది. ఆసుపత్రిలో 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిని ఇరవై నిమిషాలపాటు పీల్పించి, రక్తంలో ఆక్సిజన్ ఎంతకు పడుతుందో చూస్తారు. ఆ ఫలితంతో డాక్టర్ ‘మెడిఫ్’ అనే వైద్య ఫారం నింపితే విమాన సంస్థ వైద్య విభాగం అనుమతిస్తుంది. రెండు సంస్థల విమానాలు ఎక్కితే రెండు అనుమతులు. నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. జబ్బుపడ్డవాడి చేత ఇన్ని గుమ్మాలు ఎక్కించడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

విమాన సంస్థే ఆక్సిజన్ ఇచ్చినా అది సాధారణంగా విమానం తలుపు దాకానే. సింగపూర్‌లో దిగి కూర్చునే గంటల సంగతి మనమే చూసుకోవాలి! అందుకే పెద్దాయన దగ్గరున్నలాంటి సొంత కాన్సెంట్రేటర్ మేలు. 2021లో కొవిడ్ రెండో అలప్పుడు మన ఊళ్లలో చూసిన యంత్రానికిది తమ్ముడు. గాల్లోని నత్రజనిని జియోలైట్ గుళికలకు అంటించి ఆక్సిజన్‌ను వేరుచేస్తుంది. చిన్న యంత్రాలు చాలావరకు శ్వాస తీసినప్పుడే వదులుతాయి. కాబట్టి ‘2’ మీద పెట్టామంటే నిమిషానికి రెండు లీటర్లు వస్తున్నట్టు కాదు. అంకె పెంచేకొద్దీ బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది. పెద్దాయన యంత్రం తొందరగా కూత పెట్టింది ఇందుకే.

అమెరికా నియమాల్లో ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లకు సరిపడా బ్యాటరీలు అడగొచ్చని ఉంది. ఆ లెక్కన సింగపూర్ దాకానే సుమారు పదహారు గంటలు. కోడలు దాన్ని మూడు గంటల నలభై నిమిషాలతో భాగించి “అయిదు బ్యాటరీలు” అంది. విడి బ్యాటరీలన్నీ చేతిసామానులోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్లు దాటినవాటికి అనుమతి కావాలి. సీట్లోని ప్లగ్గును నమ్ముకోవద్దు. ద్రవ ఆక్సిజన్ అసలు ఎక్కనివ్వరు.

2025 సెప్టెంబర్ 29న న్యూజిలాండ్ ‘పేరెంట్ బూస్ట్’ వీసా తెరిచింది. ఇక్కడున్న పిల్లల దగ్గర అమ్మానాన్నలు అయిదేళ్ల దాకా ఉండొచ్చు. వచ్చేటప్పుడు వైద్యపరీక్ష నెగ్గిన ఊపిరితిత్తులు తిరిగివెళ్లేనాటికీ అలాగే ఉంటాయని ఏ వీసా చెప్పదు. ఇంట్లో ఆక్సిజన్ మీదున్న పెద్దవాళ్లుంటే ముందు వాళ్ల డాక్టర్‌తో, తర్వాత విమాన సంస్థ వైద్య విభాగంతో మాట్లాడండి. టికెట్ ఆ తర్వాతే కొనండి.