కుటుంబ భృతి విధానాలు – ఆదాయ పునఃపంపిణీ: తులనాత్మక పరిశీలన

కీలక పదాలు: కుటుంబ భృతి, పన్ను రాయితీ, సార్వత్రికత, పునఃపంపిణీ, శిశు పేదరికం.

1. ఉపోద్ఘాతం:

పిల్లల పెంపకానికయ్యే ఖర్చులో కొంత భాగాన్ని ప్రభుత్వం భరించడమే కుటుంబ భృతి. సమాన ఆదాయం గలవారిలో పిల్లలు లేనివారి నుంచి ఉన్నవారికి వనరులు మళ్లితే అది సమాంతర పునఃపంపిణీ. సంపన్నుల నుంచి పేదలకు మళ్లితే నిలువు పునఃపంపిణీ. ఈ రెండింటిలో ఏది బలపడుతుందన్నది వెచ్చించిన మొత్తంతోపాటు భృతి రూపంపైనా ఆధారపడుతుంది.

2. పన్ను రాయితీ పద్ధతి:

ఫ్రాన్స్‌లో 1945 నాటి చట్టం ప్రకారం కుటుంబ ఆదాయాన్ని భాగాలుగా విభజించి పన్ను లెక్కిస్తారు. దంపతులకు రెండు భాగాలు, మొదటి ఇద్దరు పిల్లలకు చెరొక అర భాగం, మూడవ బిడ్డ నుంచి ఒక్కొక్కరికి పూర్తి భాగం. పన్ను రేటు ఆదాయంతోపాటు పెరుగుతుంది కనుక, ఈ విభజన వల్ల అధికాదాయ కుటుంబానికే ఎక్కువ ఆదా. పన్ను చెల్లించేంత ఆదాయం లేని కుటుంబానికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే తరువాతి కాలంలో ఈ ప్రయోజనానికి గరిష్ఠ పరిమితి విధించారు. జర్మనీలో నగదు భృతి, పన్ను మినహాయింపు రెండూ ఉన్నాయి. వాటిలో ఏది లాభదాయకమో పన్ను శాఖే పోల్చి చూస్తుంది. 2023లో నగదు భృతి బిడ్డకు నెలకు 250 యూరోలు. అధికాదాయ కుటుంబాలకు మాత్రం మినహాయింపు వల్ల అంతకు మించిన లాభం కలుగుతుంది.

3. సార్వత్రిక భృతి:

స్వీడన్ 1948లో పిల్లల పేరిట ఉన్న పన్ను మినహాయింపును తొలగించి, ప్రతి బిడ్డకూ సమాన నగదు భృతిని ప్రవేశపెట్టింది. సమాన మొత్తం సైతం అసమానతను తగ్గించగలదు. ఉదాహరణకు 2,000 భృతి, 20,000 ఆదాయంలో పదోవంతు; 1,00,000 ఆదాయంలో యాభయ్యో వంతు మాత్రమే.

4. లక్ష్యిత భృతి:

బ్రిటన్ 2013లో, 50,000 పౌండ్లకు మించిన వ్యక్తిగత ఆదాయం గలవారి నుంచి భృతిని పన్ను రూపంలో వెనక్కి తీసుకోవడం ఆరంభించింది. తల్లిదండ్రులిద్దరూ చెరి 49,000 ఆర్జిస్తే భృతి పూర్తిగా నిలిచేది. ఒక్కరే 60,000 ఆర్జిస్తే పూర్తిగా పోయేది. కుటుంబం బదులు వ్యక్తిని కొలమానంగా తీసుకోవడమే ఈ వైపరీత్యానికి కారణం. 2024లో పరిమితిని 60,000కు పెంచినా కొలమానం మారలేదు.

అమెరికాలో సంపాదన అతి తక్కువగా ఉన్న కుటుంబాలకు పిల్లల పన్ను రాయితీ పూర్తిగా అందేది కాదు. 2021లో ఒక్క ఏడాదిపాటు ఆ షరతును తొలగించి, ఆరేళ్లలోపు బిడ్డకు 3,600 డాలర్ల వరకు, ఆపై వయసు వారికి 3,000 డాలర్ల వరకు ఇచ్చారు. అనుబంధ కొలమానం ప్రకారం ఆ ఏడాది 5.2 శాతంగా ఉన్న శిశు పేదరికం, 2022లో 12.4 శాతానికి చేరింది. ఇతర మహమ్మారి సహాయాలు ముగియడమూ ఇందులో భాగమే.

5. సైద్ధాంతిక చర్చ:

పేదలకే పరిమితమైన పథకాలకు మధ్యతరగతి మద్దతు సన్నగిల్లి, కేటాయింపులు కుంచించుకుపోతాయని, ఫలితంగా పునఃపంపిణీ తగ్గుతుందని కోర్పి, పాల్మె 1998లో ప్రతిపాదించారు. తరువాతి అధ్యయనాల్లో ఈ సంబంధం అంత బలంగా కనిపించలేదు. అయితే లక్ష్యితను, కేటాయింపు పరిమాణాన్ని విడివిడిగా చూడరాదన్న వారి హెచ్చరిక నేటికీ విలువైనదే.

6. ముగింపు:

1. పన్ను రాయితీ సమాంతర న్యాయానికి తోడ్పడినా నిరుపేదలను చేరలేదు.
2. సమాన నగదు భృతి నిరుపేదలను చేరుతుంది; దాని బలం కేటాయింపును బట్టి ఉంటుంది.
3. వ్యక్తి, కుటుంబం, బిడ్డ – వీటిలో కొలమానం ఏదన్నది ఫలితాన్ని మారుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘అమ్మ ఒడి’ ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒకే మొత్తం ఇవ్వగా, ‘తల్లికి వందనం’ చదువుకునే ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకుంది. కనుక ఏ పథకాన్ని మూల్యాంకనం చేసినా మొత్తం వ్యయంతోపాటు కొలమానాన్నీ పరిశీలించడం అవసరం.