జీపుకు పెద్దజోళ్ళు

వీథిలో ఆగివున్న ఏ బండి దగ్గరైనా సరే, ఒకసారి వంగి టైరు పక్కగోడ చూడండి. 215/75 ఆర్ 15 అనో, మరోటో అంకెలు పోతపోసి వుంటాయి. తెలుగు ఎమ్మే చదివి, ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో యతిప్రాసలు చెప్పుకుంటున్న నాకు ఆ అంకెల అర్థం ఈమధ్యనే తెలిసింది. గురులఘువుల లెక్కకంటె కష్టమేమీ కాదు. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్కగోడ ఎత్తు. ఆ వెడల్పులో నూటికి ఎంతో చెబుతుంది. చివరిది లోపలి ఇనపచక్రం, అదే మేస్త్రీలు డిస్కు అంటారే, దాని అడ్డుకొలత, అంగుళాల్లో. ఒక్క పంక్తిలో మిల్లీమీటరూ, శాతమూ, అంగుళమూ మూడూ కలిసి కాపురం చేస్తున్నాయి. మణిప్రవాళమంటే ఇదీ!

లెక్క కట్టి చూడండి. 215లో నూటికి 75 అంటే 161 చిల్లర. పైన ఒక గోడ, కింద ఒక గోడ, రెండూ కలిపి 322న్నర. పదిహేనంగుళాల డిస్కు 381. మొత్తం 703 మిల్లీమీటర్లు. అంటే ఇంచుమించు ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం అన్నమాట.

నాచేత ఈ లెక్క నేర్పించింది మా అక్కయ్య మెళ్ళోని రెండుపేటల గొలుసు.

అక్కయ్య కొడుకు బి.కాం. పాసై, ఉద్యోగానికి రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఒక పాత మహీంద్రా జీపు కొన్నాడు. అనంతగిరి కొండల్లో బొర్రాగుహలు చూడవచ్చినవాళ్ళను కటికి జలపాతం దాకా తీసుకువెళ్ళి తీసుకురావటం వాడి పని. ఆ దారిని రోడ్డు అనటానికి నోరు రాదు. బండరాళ్ళు, గోతులు, వానపడితే మోకాటిలోతు బురద. జీపులాంటిది తప్ప మరో బండి పోలేదు. అంచేత అక్కడి కుర్రాళ్ళు కొందరికి ఆ జీపే అన్నంముద్ద.

అటువంటివాడు ఒకనాడు, "మావయ్యా, రైలు దిగినవాళ్ళు ఇంజను చూడరు, బ్రేకులు చూడరు. చక్రాలు చూస్తారు. టైర్లు బండంత ఎత్తుండి, మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చాయనుకో, పక్కన నిలబడి ఫొటో తీయించుకుని మరీ ఎక్కుతారు. నా జీపు వాళ్ళ కళ్ళకి ఆనదు" అన్నాడు. వాడికి కావలసినవి ముప్ఫై ఒక్క అంగుళాల టైర్లు, వాటితోపాటు నాలుగు స్పేసర్లు. డబ్బుకు గొలుసు తాకట్టు. "చదువుకున్నవాడివి, కాస్త ఆ సంగతేమిటో కనుక్కోరా తమ్ముడూ" అని అక్కయ్య ఫోను చేసింది. నేను చదువుకున్నవి ప్రబంధాలే అంటే ఆవిడ వింటుందా?

సరే, మా ఊళ్ళో నలభయ్యేళ్ళుగా జీపుల కింద పడుకుని జీవితం గడిపిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. మేనల్లుణ్ణీ, వాడి జీపునీ వెంటబెట్టుకుని ఆయన షెడ్డుకు వెళ్ళాను.

పెద్ద టైరు వల్ల లాభం లేదని ఆయన అనలేదు. ఆ మాటకొస్తే, జీపులో ఇరుసు మధ్యన గుండ్రంగా కడుపులా ఉబ్బివుండే డిఫరెన్షియల్ రాళ్ళకు కొట్టుకోకుండా పైకి లేవాలంటే పెద్ద టైరొక్కటే మార్గం. కమాన్‌పట్టీలు ఎత్తుచేస్తే బాడీ లేస్తుందిగాని, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. అయితే ఎంత లేస్తుంది? ముప్ఫై ఒక్క అంగుళాలంటే 787 మిల్లీమీటర్లు. పాతదానికన్న ఎనభైకి పైగా పెరిగింది. కాని ఇరుసు ఉండేది చక్రానికి నట్టనడుమ గనక, నేలనుంచి దాని ఎత్తు పెరిగేది అందులో సగమే. రెండువేళ్ళ మందం.

ఆ రెండువేళ్ళకూ చెల్లించవలసిన సుంకం చిత్తగించండి. చక్రం నూటికి పన్నెండు వంతులు పెరిగింది. స్పీడోమీటరు ముల్లు 50 చూపిస్తుంటే బండి 56 మీద పోతూ ఉంటుంది. ఇంజను లాగే శక్తి అంతే. పొడుగాటి చక్రాన్ని తిప్పాలి గనక నేలదగ్గరకు చేరేసరికి అందులో పదోవంతు తగ్గిపోతుంది. ఎక్కుడులో అది తెలుస్తుంది, గేరు దించుకుంటాడు. దిగుడులోనో? బ్రేకుకూ అదే న్యాయం. పెడలు మీద కాలు అంతే గట్టిగా నొక్కినా, చక్రం నేలను నిలదొక్కుకునే బలం పదోవంతు తక్కువ. ఎనిమిదిమందిని ఎక్కించుకుని కొండ దిగే బండికి ఇది చిన్నమాట కాదు.

ఇదంతా ఎత్తు సంగతి. వెడల్పు తగాదా వేరే ఉంది. ఆ టైరు పదిన్నర అంగుళాల వెడల్పు, అంటే 267 మిల్లీమీటర్లు. పాతది 215. యాభై రెండు ఎక్కువ గదా, సగం బయటికీ సగం లోపలికీ పెరుగుతుంది. లోపలివైపు ఇరవై ఆరు మిల్లీమీటర్లు పెరిగేసరికి, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు వెళ్ళి కమాన్‌కట్టను రాసుకుంటుంది. ఇదిగో, ఈ రాపిడి తప్పించటానికి వచ్చినవాడే స్పేసరు. హబ్బుకూ డిస్కుకూ మధ్య ఇరికించే లోహపు బిళ్ళ. ముప్ఫై మిల్లీమీటర్ల బిళ్ళ వేస్తే చక్రం అంతమేరా బయటికి జరుగుతుంది, లోపల రాపిడి పోతుంది. బాగుంది. కాని చక్రం బయటికి జరిగాక, స్టీరింగు తిప్పినప్పుడు అది తిరిగే మేర పెద్దదై, బయటి అంచు వెళ్ళి మడ్‌గార్డుకు తగులుతుంది! అప్పుడు మడ్‌గార్డు కొయ్యాలి. పాముని తప్పించుకోబోయి పుట్టమీద కాలు వేయటం కదా ఇది?

స్పేసర్లలో రెండు జాతులున్నాయి. ఒకటి, ఉత్త చిల్లుల బిళ్ళ. ఉన్న స్టడ్లకే దాన్ని తొడిగి, పైన చక్రం పెట్టి, అవే నట్లు బిగిస్తారు. బిళ్ళ తినేసినంత మేర స్టడ్డు పొట్టిదవుతుంది. స్టడ్డు ఎంత లావో, కనీసం అంత పొడవున మర నట్టులో ఎక్కాలని మేస్త్రీల లెక్క. నాలుగైదు మర చుట్లు మాత్రమే పట్టుకుని ఉన్న నట్టు చూడటానికి బిగిసినట్టే ఉంటుంది. రెండో జాతి మందంగా ఉంటుంది. దాన్ని ముందు హబ్బుకు ఐదు నట్లతో బిగించి, దానికే ఉన్న వేరే ఐదు స్టడ్లకు చక్రం తగిలిస్తారు. రెండింట్లోకి ఇదే మేలు. అయినా మేస్త్రీ దీన్ని చూపించినప్పుడే నా గుండె జారింది. ఎంచేతనంటే, చక్రం బిగించాక లోపలి ఐదు నట్లూ కనపడవు. నాలుగు చక్రాలకూ ఇరవై! ఒకటి వదులైందో లేదో చూడాలంటే జాకీ పెట్టి చక్రం ఊడదీయాలి. మన ఎడ్లబండికి కడచీల ఉండేది. బండివాడు దిగి ఒక్కసారి అటు చూస్తే చాలు, ఉన్నదో లేదో తెలిసేది. కంటికి కనపడని చోట కడచీల పెట్టినవాడు లేడు.

"నట్టు బరువు మొయ్యదు మాష్టారూ" అన్నాడు మేస్త్రీ. నాకు అర్థం కాలేదు. ఆయన రెండు అరచేతులు గట్టిగా అదిమి పట్టి చూపించాడు. నట్టు చేసే పనల్లా డిస్కును హబ్బుకు అదిమిపెట్టటం. ఆ రెండు ముఖాలూ ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టే బండి బరువును మోస్తుంది. మధ్యలో రంగుపొరో, తుప్పో, మట్టో ఉంటే, బండి నడిచినకొద్దీ అది నలిగి, అదుము తగ్గి, నట్టు వదులవుతుంది. అంచేతే ముఖాలు శుభ్రంగా గీకి, టార్క్ రెంచితో ఇంత అని కొలిచి బిగించి, యాభై నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించమంటారు. స్పేసరుతో ఇలాంటి అతుకు చక్రానికి ఒకటికి రెండవుతుంది. ఆయన అటకమీద విరిగిన బిళ్ళ ఒకటి ఉంది, ఎవరో లేతుమీద తిప్పించుకున్న పోత అల్యూమినియం. అది విరిగిన రోజున చక్రం బండికంటె ముందుగా వెళ్ళి చెరుకుతోటలో పడిందట. బండిలో డ్రైవరొక్కడే ఉండటంవల్ల, చదునునేల కావటంవల్ల, కథ అక్కడితో ఆగింది.

స్పేసరంటేనే పాపమని నేననను. సుత్తిపోటుతో గట్టిపడిన మంచి లోహంతో చేసి, హబ్బు మధ్యనున్న బొడిపె మీద సందులేకుండా కూర్చునేవి ఉన్నాయి. సరదాకి ఆదివారంనాడు సొంత జీపులో కొండలెక్కేవాళ్ళు, వారంవారం చక్రాలు విప్పి చూసుకునే తీరిక ఉన్నవాళ్ళు వాటితో సుఖంగానే తిరుగుతున్నారు. రోజుకు నాలుగు ట్రిప్పులు, ప్రతిసారీ ఎవరో కన్నబిడ్డలు, ఆ బండి లెక్క వేరు. పైగా చక్రం లోపలి బేరింగుల సంగతొకటి ఉంది. నీళ్ళబిందె చంకన పెట్టుకోవటానికీ, చెయ్యి చాచి పట్టుకోవటానికీ తేడా లేదూ? బరువు బయటికి జరిగినకొద్దీ బేరింగుకు అంత హింస. రోలరు బేరింగు మీద బరువు రెట్టింపయితే ఆయుష్షు సగానికి కాదు, పదోవంతుకు పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. స్పేసరు బరువును రెట్టింపు చెయ్యదు, నిజమే. కాని ఆ మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో చూడండి. రాయి తగిలినప్పుడు స్టీరింగు చేతిని గుంజటం కూడా ఎక్కువవుతుంది. వెడల్పు డిస్కులు తెచ్చి చక్రాన్ని బయటికి జరిపినా బేరింగుకు ఇదే బాధ. ఒక్క అతుకు మాత్రం తగ్గుతుంది.

చట్టం మాటా అడిగాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఈ విషయమే చెబుతుంది. 2019 జనవరిలో, కేరళనుంచి వచ్చిన కేసులో, కంపెనీవారి అసలు ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చటానికి వీల్లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోలీసు పట్టుకుంటే జరిమానాతో పోవచ్చు. ప్రయాణీకులతో బండి బోల్తాపడి, ఇన్సూరెన్సు కంపెనీ ఆ బిళ్ళ వంక వేలు చూపించిననాడు, గొలుసు కాదు, ఇల్లు చాలదు.

మేనల్లుడు ఇవన్నీ విని, "మరి ఐస్‌లాండులో ఎలా వేస్తున్నారు?" అన్నాడు. ఫోనులో చూశాడు కాబోలు. నిజమే, అక్కడ మంచుమైదానాల మీద 38, 44 అంగుళాల టైర్లతో జీపులు తిరుగుతాయి. అయితే వాళ్ళకు అంత టైరు ఎత్తుకోసం కాదు. టైరులో గాలి నాలుగైదు పౌండ్లకు దించేస్తారు. అది చెప్పులా పరుచుకుని మంచులో కూరుకుపోకుండా తేలుతుంది. కటికి దారిలో కావలసింది తేలటమా, దిగి పట్టుకోవటమా? 1941లో పుట్టిన విల్లీస్ జీపుకు ఆరంగుళాల సన్నటైర్లే ఉండేవి. 1947లో మహీంద్రావారు బొంబాయిలో కూర్చటం మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపులనే. సన్నటైరు పైబురదను కోసుకుని కింది గట్టినేలను అందుకుంటుంది. మన కొండదారుల్లో బురద కింద రాయి ఉంటుంది గనక, అది తెలివితక్కువ ఏర్పాటేమీ కాదు.

గాలి కిటుకు మాత్రం మనకూ పనికొస్తుంది. ముప్ఫై పౌండ్లు ఉన్నచోట ఇరవైకి దింపితే, టైరు రాయిని ఒడిసిపట్టుకుంటుంది, బండి ఎగిరెగిరి పడదు. మళ్ళీ తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి. లేకపోతే టైరు వేడెక్కి చెడుతుంది. బ్యాటరీకి తగిలించే చిన్న గాలిపంపు ఉంటే ఐదో పదో నిమిషాల పని.

ఇంకో మాట. టైర్లు నాలుగు కాదు, ఐదు కొనాలి. స్టెప్నీ కూడా అదే కొలత కావాలి. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే లివరు వేసినప్పుడు ఒక చక్రం చిన్నదైతే, ముందూ వెనకా ఇరుసులు ఒకదాంతో ఒకటి పెనుగులాడి గేర్లకే ఎసరు పెడతాయి. (స్టెప్నీ అన్నమాట వేల్సు దేశంలో లానెల్లీ అనే ఊళ్ళోని స్టెప్నీ వీథినుంచి వచ్చింది. 1904 ప్రాంతాల అక్కడి అన్నదమ్ములిద్దరు అదనపు చక్రం కనిపెట్టి అమ్మారు. భాషవాణ్ణి, ఇది చెప్పకుండా ఉండలేను.)

చివరికి ఐదు టైర్లు కొన్నాడు, 235/75 ఆర్ 15. డిస్కులు పాతవే, స్పేసర్లు లేవు. లోపలికి పెరిగింది పది మిల్లీమీటర్లు, ఎత్తు పెరిగింది పదిహేను. అన్నిటికీ గట్టి గళ్ళున్న అచ్చు. మేస్త్రీ నా జేబులోని సుద్దముక్క తీసుకుని టైరు లోపలి అంచంతా తెల్లగా పూసి, చక్రం ఈ కొసనుంచి ఆ కొసదాకా తిప్పించాడు. కమాన్‌కట్టకు తెలుపు అంటలేదు. ఇదీ మార్పే గనక, ఇన్సూరెన్సువారికి ముందుగా కాగితం రాసి ఇప్పించాను. డబ్బు కొంత నేను సర్దాను, కొంత టైర్లకొట్టువాడు నెలవాయిదాలకు ఒప్పుకున్నాడు. గొలుసు గడప దాటలేదు.

వ్యాపారం పుంజుకుందని చెప్పలేను. కార్తీకమాసంలో ఒక ఆదివారం వాడు మూడు ట్రిప్పులు వేస్తే, ముప్ఫై ఒకటి తొడిగిన పక్క జీపు ఐదు వేసిందట. ఆ పూట ఫోనులో వాడి గొంతు బాగాలేదు. ఒకసారి ఎక్కినవాళ్ళు మాత్రం నడుములు పట్టెయ్యలేదని ఫోను నంబరు అడిగి తీసుకుంటున్నారని అక్కయ్య చెప్పింది.

ఇంతలో మొన్న మళ్ళీ వచ్చాడు. కొత్తమాట నేర్చాడు: స్నార్కెల్. నీళ్ళల్లో మునిగినా ఇంజను గాలి పీల్చుకోవటానికి బండి పక్కన నిలువునా పెట్టే గొట్టమట. "వెళ్ళేది జలపాతానికే కదా మావయ్యా" అంటున్నాడు.