అఫేసియా, అప్రాక్సియా, అగ్నోసియా: పదాల మధ్య భేదం

ఈ మూడు గ్రీకు పదాల మొదట్లో ఉన్న ‘అ’ మన ‘అజ్ఞానం’లోని ‘అ’ వంటిదే, లేమిని తెలుపుతుంది. లోపించినవి వరుసగా మాట, పని చేసే నేర్పు, గుర్తింపు. అన్నట్టు, అగ్నోసియాలోని ‘గ్నో’, మన ‘జ్ఞా’ ఒకే మూలానికి చెందినవి.

అర్థాలు బట్టీపడితే చాలదు. పక్షవాతం నుంచి కొంత కోలుకున్న వ్యక్తికి దువ్వెన చూపించారనుకోండి. దానితో తల దువ్వుకుంటాడు, పేరు మాత్రం నోటికి రాదు: ఇది అఫేసియా. మరొకరు పేరు చెబుతారు, చేతిలో బలమూ ఉంటుంది. ఎలా దువ్వుకుంటారో చూపించమంటే చేయి తడబడుతుంది. ఇది అప్రాక్సియా. అదే మనిషి ఉదయం అద్దం ముందు అలవాటుగా దువ్వుకోవచ్చు. అది చూసిన ఇంట్లోవాళ్లు నటిస్తున్నాడని అనుకుంటే ఆశ్చర్యం లేదు. ఇంకొకరు చూపు బాగున్నా దువ్వెనను చూసి గుర్తుపట్టలేరు, చేత్తో తడిమి పేరు చెప్పేస్తారు: దృశ్య అగ్నోసియా.

నాలుక కండరాలు బలహీనపడి మాట ముద్దగా రావడం వీటిలో చేరదు. అది డిసార్థ్రియా. జవాబుపత్రాల్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా పరీక్షించిన రోగి ‘టాన్’ తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు; ఎదుటివారి మాటలు మాత్రం చాలావరకు అర్థమయ్యేవి. బ్రోకా దీన్ని ‘అఫీమియా’ అన్నాడు. 1864లో ట్రూసో సూచించిన ‘అఫేసియా’యే నిలిచింది. 1874లో కార్ల్ వెర్నికె వర్ణించిన రోగులు ఇందుకు భిన్నం. ధారాళంగా మాట్లాడతారు, పదాలు తారుమారవుతాయి, విన్నది అర్థం కాదు. ఇలాంటివారికే ‘మతి చెడింది’ అనే ముద్ర తొందరగా పడుతుంది. అందుచేత అఫేసియాను ‘మూగతనం’ అని రాయకండి.